గుండెమంటకు కండరకణముల చికిత్స: ఆశ యెంత, నిజమెంత

మన సంఘ సభ్యులలో పులిత్రేనుపు, గుండెమంట అను బాధలను బొత్తిగా నెఱుగనివారు కొలదిమందియే యుందురు. కోతల దినములలో పొద్దుపోయిన పిదప కడుపునిండ భుజించి వెంటనే నడుము వాల్చినచో, నడిరేయి రొమ్మున మంట పుట్టి పుల్లని నీరు గొంతువఱకు ఎగదన్నుట పలువురకు అనుభవమే. ఎప్పుడో యొకనాడు వచ్చి పోవునది వ్యాధి కాదు. వారమునకు రెండు దినములో, అంతకు మించియో వచ్చుచు, నిద్రకును పనికిని భంగము కలిగించునది మాత్రము వ్యాధియే.

ఈ వ్యాధికి క్రొత్త చికిత్స యొకటి వైద్యలోకమున చర్చయందున్నది. రోగియొక్క కండరమునుండి చిటికెడు కండ తీసి, అందలి జీవకణములను ప్రయోగశాలలో వృద్ధిచేసి, కడుపు మొదట నున్న బిగింపు కండరమున వానిని సూదితో నాటుటయే ఆ చికిత్స. ఆలోచన గొప్పదే. కాని మూలకణ చికిత్స యను పేరున సకల రోగములును కుదురునని నమ్మించు ప్రకటనలు మన పట్టణములయందును కానవచ్చుచున్నవి. పొలము తాకట్టు పెట్టియో, అప్పు చేసియో అట్టిచోట సొమ్ము చెల్లించుటకు ముందు ఈ విద్య ఎంతవఱకు వచ్చినదో సభ్యులు తెలిసికొనుట మేలని తలచి దీనిని వివరించుచున్నాము.

తూమును, తూము తలుపును

మనము మ్రింగిన అన్నము అన్నవాహిక యను గొట్టముద్వారా జీర్ణాశయమును చేరును. ఆ గొట్టము జీర్ణాశయమును కలియుచోట మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున నొక బిగింపు కండరము కలదు. ఇది చెఱువు తూమునకు తలుపువంటిది. అన్నము దిగునపుడు తెఱచుకొని, దిగిన పిదప మూసికొని యుండును. జీర్ణాశయమున నూరు ఆమ్లము మిక్కిలి తీక్ష్ణమైనది. జీర్ణాశయపు లోపొర దానికి తాళును. అన్నవాహిక లోపొర తాళజాలదు. కావున తలుపు సరిగా మూయబడనిచో ఆమ్లము పైకి వచ్చి మంట పుట్టించును. ఏండ్ల తరబడి ఇట్లే జరిగినచో అన్నవాహికలో పుండ్లు పడవచ్చును, గొట్టము ఇరుకు కావచ్చును. కొందఱిలో లోపొర స్వభావమే మాఱిపోవును. అట్టివారిలోను బహుకొలదిమందికి అది తుదకు క్యాన్సరునకు దారితీయవచ్చును.

తూము కారుటకు ముఖ్యముగా మూడు కారణములు కలవు.

మొదటిది, తలుపుచెక్కయే బలహీనపడుట. అనగా బిగింపు కండరమునకు ఎల్లప్పుడు ఉండవలసిన పట్టు సడలుట.

రెండవది, తలుపు బలముగనే యున్నను కాని వేళ తెఱచుకొనుట. కడుపు నిండి ఉబ్బినపుడు నరములద్వారా సంకేతము వచ్చి, ఏమియు మ్రింగకున్నను ఆ కండరము కొన్ని క్షణములు సడలును. ఆరోగ్యవంతులలోను ఇది కొంత జరుగుచునే యుండును. వ్యాధిగ్రస్తులలో పెక్కుమందికి ఆమ్లము ఎగదన్నుట ఇట్టి వేళలయందే జరుగుచున్నది.

మూడవది, గట్టే కదలిపోవుట. రొమ్మును కడుపును వేఱుచేయు కండరపు తెర యొకటి కలదు. అన్నవాహిక దానిలోని రంధ్రముగుండ క్రిందికి దిగును. ఆ తెరయు వెలుపలినుండి గొట్టమును నొక్కి తలుపునకు తోడ్పడును. రంధ్రము వెడల్పయి జీర్ణాశయపు పైభాగము రొమ్ములోనికి జాఱినచో ఈ తోడ్పాటు తప్పిపోవును.

ఈ మూడింటిని మనసున నుంచుకొనినపుడే కండరకణముల చికిత్స ఎందుకు పనికివచ్చునో, ఎందుకు రాదో తెలియగలదు.

ఇప్పుడున్న చికిత్సలు

1980వ దశాబ్దపు చివర ఒమిప్రజోలు అను మందు వాడుకలోనికి వచ్చినది. పాంటోప్రజోలు మొదలగునవి ఆ జాతివే. ఇవి ఆమ్లము ఊరుటను తగ్గించును. ఆమ్లము తగ్గుటచే మంట చల్లాఱి, పుండ్లు మానును. పెక్కుమందికి ఇవియే చాలును. కాని ఇవి తలుపును బాగుచేయవు. మందు మానగానే కొందఱికి బాధ తిరిగి వచ్చుటకు కారణ మిదియే.

శస్త్రచికిత్సయు కలదు. రుడాల్ఫ్ నిస్సెన్ అను శస్త్రవైద్యుడు జీర్ణాశయపు పైభాగమును అన్నవాహిక చుట్టును చుట్టి కుట్టు పద్ధతిని 1956లో ప్రకటించెను. 1991 మొదలు దీనిని పెద్ద కోత లేకుండ, చిన్న రంధ్రములగుండ చేయుచున్నారు. 2012లో అయస్కాంతపు పూసల కడియమును ఆ చోట తొడుగుటకు అమెరికా ప్రభుత్వ మనుమతించెను. ఈ పద్ధతులవలన పలువురకు గుణము కలిగినది. ఐనను పట్టు హెచ్చయినచో మ్రింగుట కష్టమగుట, త్రేనుపు రాక కడుపు ఉబ్బుట మొదలగు చిక్కులు కలుగవచ్చును.

వెలుపలినుండి చుట్టుటకును, కడియము తొడుగుటకును మాఱుగా, ఆ కండరమునే బలపఱచ రాదా యను ప్రశ్న పుట్టినది. కండరకణముల చికిత్సకు మూలము ఈ ప్రశ్నయే.

కండరమున దాగిన విత్తనము

పని చేయునపుడు మన కండరములకు చిన్న చిన్న గాయములు తగులుచుండును. అవి తిరిగి పూడుకొనుట మనకు తెలిసినదే. ఈ పూడ్పు పని యెవరిది? 1961లో అలెగ్జాండర్ మౌరో అను శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో కప్పకండరమును పరీక్షించుచు, కండరపు పోగుల అంచున అంటుకొని యున్న చిన్న కణములను కనుగొనెను. వానికి శాటిలైటు కణములని పేరిడెను. ఇవి మామూలు వేళ నిద్రించుచుండును. కండరమునకు దెబ్బ తగిలినపుడు మేల్కొని, పెక్కుగా చీలి, క్రొత్త కండరపు పోగులుగా కలిసిపోవును. ఇంటిలో విత్తులకు దాచిన వడ్లవంటివి ఇవి.

ఒక సంగతి గమనింపదగినది. వరి విత్తినచోట వరియే మొలచునట్లు, ఈ కణముల సహజ ధర్మము కండర మగుటయే. ఇవి సర్వరోగనివారిణులు కావు. కండరకణములని చెప్పి కీళ్లకు, కంటికి, చక్కెరవ్యాధికి అన్నిటికిని ఒకే సూది వేయుదుమనువారి మాటలను ఇందుచేతనే నమ్మరాదు.

నారుపోసి నాటుట

చికిత్స నడచు క్రమము మన నాట్ల పనివంటిదే. మొదట సూదితో కండరమునుండి చిన్న ముక్క తీయుదురు. సాధారణముగా తొడనుండి తీయుదురు. దానిని ప్రయోగశాలకు పంపి, అందుండి కణములను వేఱుచేసి, పోషకద్రవమున కొన్ని వారములు పెంచుదురు. ఇది నారుమడి. చాలినన్ని కణములైన పిదప శుద్ధిని పరీక్షించి, బలహీనమైన బిగింపు కండరమున సూదితో ఎక్కింతురు. ఇది నాటు. ఆ కణములు రోగివే గనుక పరాయి శరీరపు అంగమును దేహము త్రోసివేయునట్లు వీనిని త్రోసివేయదు. నాటిన కణములు బ్రతికి, అచటి కండరముతో కలిసి పట్టును హెచ్చించునని ఆశ.

నారుమడిలో తెగులు తగిలినచో పొలమంతయు చెడునట్లే, ప్రయోగశాలలో శుద్ధి తప్పినచో సూక్ష్మజీవులు రోగి దేహమునకే చేరును. కావున ఈ పని ఎట్టి గదిలో, ఎవరి పర్యవేక్షణమున జరుగుచున్నదను ప్రశ్న చిన్నది కాదు.

జీర్ణాశయపు తూమున నాటి చూచిన ఫలము

2007లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, చిట్టెలుకలలో అన్నవాహికయు జీర్ణాశయమును కలియుచోటును అతిశీతలముతో గాయపఱచి, అచట కండరకణములను నాటిరి. ఆ కణములు బ్రతికి, అచటి కండరముతో కలిసిపోవుట కనబడినది. 2009లో పంకజ్ పస్రీచా మొదలగు పరిశోధకులు అమెరికాలో మఱియొక అడుగు వేసిరి. ఎండోస్కోపు అను దర్శినీగొట్టముతో జంతువుల జీర్ణనాళపు బిగింపు కండరములలో ఇట్టి కణములను నాటినచో ఆ బిగింపు శక్తి హెచ్చునని ప్రకటించిరి. కడుపు కోయక, నోటిగుండ దింపిన గొట్టముతోనే ఈ పని సాధ్యమగుట విశేషము.

ఇది మంచి ఆరంభము. ఐనను జంతువునందు మొలచిన నారు మనుష్యునియందు పంటకు వచ్చినట్లు లెక్క కాదు. దారిలో మూడు చిక్కులున్నవి.

తొడకండరమును, జీర్ణాశయపు తూమునందలి కండరమును ఒక జాతివి కావు. తొడకండరము మన యిచ్ఛకు లోబడినది; నరము ఆజ్ఞాపించిననే ముడుచుకొనును, ఎక్కువసేపు బిగించియుంచినచో అలసిపోవును. తూమునందలి కండరమో, మన యిచ్ఛతో పనిలేక రేయింబవళ్లు బిగిసియుండి, మ్రింగునపుడు మాత్రము సడలును. మెరక పంటను మాగాణిలో వేసినట్లు, ఒకదాని విత్తు రెండవదాని చోట అదే రీతిగా పనిచేయునా యను సందేహము తీఱవలసియున్నది. పట్టు హెచ్చినను, అది నిజముగా ముడుచుకొను క్రొత్త కండరమువలన వచ్చినదా, లేక నాటిన పదార్థము ఆచోట దిండువలె ఒత్తుటవలన వచ్చినదా యని తేల్చుకొనవలయును.

రెండవ చిక్కు నరముల సంబంధము. కాని వేళ తలుపు తెఱచుకొను రోగికి, తలుపుచెక్కను దట్టము చేసినంతమాత్రమున బాధ తప్పదు. తెఱచువాడు నరము, చెక్క కాదు.

మూడవది, గట్టు కదలినవారికి, అనగా జీర్ణాశయము రొమ్ములోనికి జాఱినవారికి, కణములను నాటుటచే ఆ స్థానభ్రంశము సరికాదు. ఇట్లు చూడగా, ఈ చికిత్స ఫలించిననాడును ప్రధానముగా మొదటి జాతివారికి, బిగింపు కండరమే బలహీనమైనవారికి, ఉపకరింపగలదని మా తాత్పర్యము. నేటికి ఇది గుండెమంటకు పరిశోధనాదశలో నున్న ఆలోచనయేగాని ఆసుపత్రులలో వాడుకకు వచ్చిన వైద్యము కాదు.

సరిచూచు మడి నేర్పిన పాఠము

ఇవే కండరకణములను మనుష్యులలో వేఱొక తూమునకు నాటి చూచినారు. దగ్గినను, తుమ్మినను, బరువెత్తినను మూత్రము జాఱుట పలువురు స్త్రీలకు కల బాధ. అచటను బిగింపు కండరము సడలుటయే ముఖ్య కారణములలో నొకటి. ఆ పరీక్షల చరిత్ర మన రైతులు తప్పక తెలిసికొనదగినది.

2008లో ప్రకటింపబడిన యొక చిన్న పరీక్షలో, ఏడాదిపాటు గమనించిన ఎనమండుగురు స్త్రీలలో అయిదుగురికి గుణము కనబడినది. వారిలో నొకరికి బాధ పూర్తిగా పోయినది. 2014లో 80 మంది స్త్రీల ఫలితములు వెలువడినవి. వారికి కోటి మొదలు 20 కోట్ల వఱకు కణములను ఎక్కించిరి. పెద్ద హాని కానరాలేదు. హెచ్చు కణములు పొందినవారిలో గుణము మెఱుగుగా కనబడెను. ఇంతవఱకు చదివినవారెల్లరు ఇక విజయము కలిగినదనియే తలంతురు.

కాని ఈ పరీక్షలలో సరిచూచు మడి లేదు. క్రొత్త యెరువు వేసిన మడిలో పంట పెరిగినంతమాత్రమున అది యెరువు మహిమ యని రైతు నిశ్చయింపడు. ఆ యేడు వానలు మంచివి కావచ్చును. కలుపు బాగుగా తీసియుండవచ్చును. ప్రక్కనే ఎరువు వేయని మడి నొకదానిని విడిచి, రెండింటి దిగుబడులను కొలిచి చూచినపుడే నిజము తేలును. వైద్యమునందును అంతే. కొందఱికి కణములు కల సూదియు, కొందఱికి కణములు లేని ఉత్త ద్రవమును ఇచ్చి, ఎవరికేది యిచ్చిరో రోగికిని వైద్యునికిని కూడ తెలియనీయక ఫలమును కొలువవలయును.

అట్టి పరీక్ష ఫలితములు 2018లో ప్రకటింపబడినవి. 246 మందిని చేర్చుకొనదలచి, 150 మందితోనే దానిని నిలిపివేసిరి. ఏలయన, ఉత్త ద్రవము పొందినవారిలోను ఊహించినదానికన్న మిక్కిలి హెచ్చుగా గుణము కనబడెను. ముందుగా నిర్ణయించిన కొలతతో చూడగా ఇరుపక్షములకును లెక్కింపదగిన భేదము లేకపోయెను. నమ్మకము, వైద్యుల శ్రద్ధ, వ్యాధియొక్క సహజమైన హెచ్చుతగ్గులు, ఇవి యన్నియు కలిసి మందు పనిచేసినట్లు తోపింపగలవు. దీనితో కండరకణములు వ్యర్థమని తేలలేదు. ముందు శస్త్రచికిత్స చేయించుకొనియు బాధ తీఱని స్త్రీలవంటివారియందు మఱల పరీక్షించుటకు పూనుకొనిరి. కాని కొలదిమందికి గుణమిచ్చెనను వార్త, నిజమైన పరీక్ష యెదుట ఎట్లు నిలువలేకపోవునో ఇందువలన స్పష్టమగుచున్నది. గుండెమంటయు నిట్టిదే. అది తనంత తానే ఒక నెల హెచ్చి, ఒక నెల తగ్గు వ్యాధి. కావున సరిచూచు మడి ఇక్కడను అంతే అవసరము.

తొందరవలన కలిగిన రెండు నష్టములు

అన్నవాహిక అడుగున గట్టిపడు ద్రవము నొకదానిని సూదితో ఎక్కించి తూమును బిగించు పద్ధతికి 2003లో అమెరికాలో అనుమతి లభించినది. దాని పేరు ఎంటెరిక్స్. ఆ చోటు మిక్కిలి సున్నితమైనది. గుండెనుండి వచ్చు పెద్ద రక్తనాళము ప్రక్కనే యుండును. సూది గొట్టపు గోడను దాటి వెలుపలకు పోయినచో ప్రాణాపాయము. గొప్ప హానులును, మరణమును సంభవించుటచే 2005లో ఆ వస్తువును విపణినుండి వెనుకకు తీసికొనిరి. కణములు ప్లాస్టిక్కువంటివి కాకున్నను, నాటవలసిన చోటును, వాడు సూదియు అట్టివే యని మఱువరాదు.

రెండవది ఆస్ట్రియా దేశమున జరిగినది. ఇన్స్‌బ్రుక్ నగరమున కండరకణములతో మూత్రవ్యాధిని నయముచేసితిమని 2007లో లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో ఒక వ్యాసము వెలువడెను. విచారణలో నైతికసంఘపు అనుమతియందును, రోగుల సమ్మతి తీసికొనుటయందును లోపములు బయటపడగా, ఆ పత్రిక 2008లో వ్యాసమును ఉపసంహరించెను. పేరుపొందిన పత్రికలో అచ్చయినదే ఇట్లయినపుడు, గోడమీది ప్రకటన మాట చెప్పనేల?

సొమ్ము చెల్లించుటకు ముందు అడుగవలసినవి

మన దేశమున 2017 నాటి జాతీయ మార్గదర్శక సూత్రముల ప్రకారము, రక్తవ్యాధులు మొదలగువానికి అంగీకరింపబడిన మూలమజ్జ మార్పిడి వంటివి తప్ప, మూలకణములను అనుమతి పొందిన పరీక్షలలోనే వాడవలయును. 2019 నాటి క్రొత్త మందుల నిబంధనలు మూలకణములనుండి తయారగు పదార్థములను క్రొత్త మందులుగా పరిగణించుచున్నవి. కావున ఎవరైనను ఈ చికిత్స చేయుదుమన్నచో సభ్యులు ఈ ప్రశ్నలు వేయవలయును.

1. ఇది ప్రభుత్వానుమతి పొందిన పరీక్షయా? క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా యను జాబితాలో దీని సంఖ్య యేది? ఆ జాబితాను ఎవరైనను ఉచితముగా చూడవచ్చును.

2. నైతికసంఘపు ఆమోదము కలదా? సమ్మతిపత్రము నాకు తెలియు భాషలో నున్నదా? దాని ప్రతిని నాకిత్తురా?

3. నావద్ద రుసుము కోరుచున్నారేల? నిజమైన పరీక్షలో పరీక్షకు సంబంధించిన ఖర్చును చేరినవారివద్ద వసూలు చేయరాదు.

4. పరీక్షవలన హాని కలిగినచో ఉచిత వైద్యమును, నష్టపరిహారమును ఎవరు ఇత్తురు? 2019 నిబంధనలు ఈ రెండింటిని విధించినవి.

వీనికి తిన్నని సమాధానము రానిచో లేచి వచ్చుట ఉత్తమము. ఎరువుల సంచిపై ముద్ర చూడక కొనని రైతు, తన దేహమున కెక్కించు పదార్థము విషయమున అంతకన్న జాగ్రత్త వహింపవలదా?

నేడే చేయదగినవి

కణములు పంటకు వచ్చులోపల చేతనున్న ఉపాయములను విడువరాదు. రాత్రి భోజనమునకును నిద్రకును నడుమ మూడు గంటలైన నుండవలెను. పని దినములలో ఒక్కపూటనే కడుపు పగులునట్లు తినక, రెండు మూడు మార్లుగా తినుట మేలు. మంచమునకు తలవైపు కోళ్ల క్రింద ఆరు మొదలు ఎనిమిది అంగుళముల ఎత్తున గట్టి దిమ్మలు పెట్టవలెను. తలగడలు పేర్చుట దీనితో సమానము కాదు, నడుము ముడుచుకొని కడుపుపై ఒత్తిడి హెచ్చును. ఎడమప్రక్కకు తిరిగి పరుండుటవలన ఆమ్లము ఎగదన్నుట తగ్గును. చుట్ట, బీడి, సారాయి మానవలెను. దేహము స్థూలించినవారు బరువు తగ్గించుకొనినచో మందులేకయే సగము బాధ తీఱుట కద్దు. కారము, పులుపు, వేపుడు, కాఫీలలో ఎవరికేది పడదో వారే గమనించి విడువవలయును. వంటసోడా నీరు ఆ క్షణమున చల్లబఱచునేగాని వ్యాధిని కుదుర్పదు. దానినే దినదినము త్రాగుట మంచిది కాదు.

ఒమిప్రజోలు జాతి మందును సాధారణముగా భోజనమునకు అరగంట ముందు పుచ్చుకొనవలెను. తిన్న పిదప మంట పుట్టినపుడు వేసికొని, పనిచేయలేదని నిందించువారు పెక్కుమంది. ఎన్ని వారములు వాడవలెనో వైద్యుడే చెప్పవలెను. అంగడిలో కొని ఏండ్ల తరబడి వాడరాదు. ఒంటినొప్పులకు తఱచుగా మ్రింగు మాత్రలు కడుపునకు హాని చేయగలవు; వాని సంగతియు వైద్యునికి చెప్పవలెను.

మ్రింగుడు కష్టమైనను, నెత్తురు కక్కినను, మలము తారువలె నల్లనైనను, కారణములేక చిక్కిపోయినను జాగుచేయక పెద్ద ఆసుపత్రికి పోయి ఎండోస్కోపు పరీక్ష చేయించుకొనవలెను. అన్నిటికన్న ముఖ్యమైన మాట యొకటి: రొమ్మున బరువుగానో, మంటగానో పుట్టిన నొప్పి భుజమునకు, చేతికి, దవడకు ప్రాకినను, చెమటలు పోసినను, ఊపిరి ఆడకున్నను, దానిని వాయువని తలచి సోడా త్రాగి పరుండరాదు. అది గుండెపోటు కావచ్చును. గడియ ఆలస్యమైనను ప్రాణము పోవచ్చును.

కండరకణముల విద్య మంచి విత్తనము. అది మొలకెత్తిన సంగతి నిజము. కోతకు రాలేదనుటయు అంతే నిజము. కోతకు వచ్చిననాడు మన సభ్యులకు ఆ వార్తను మేమే సంతోషముతో అందింతుము. అంతవఱకు ధాన్యము ఇంటికి రాకమునుపే బాకీపత్రము వ్రాసియీయవలదని మా మనవి.